కుట్లు వేసే పది నిమిషాల్లో: తాగుడు గురించి క్యాజువాల్టీ నర్సు ఎలా మాట్లాడాలి

కర్నూలు చుట్టుపక్కల క్యాజువాల్టీలో నైట్ డ్యూటీ చేసిన సిస్టర్‌కి ఈ కేసుల గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 44వ నంబర్ హైవే మీద బైకు జారి పడినవాడు, పెళ్ళి ఊరేగింపులో గొడవపడి తల పగలగొట్టుకున్నవాడు, మిద్దె మీద నుంచి పడినవాడు. దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే దేవరగట్టు బన్ని ఉత్సవం అయితే చెప్పనే అక్కర్లేదు, ఆలూరు, ఆదోని ఆసుపత్రుల్లో ఆ రాత్రి కట్లు కట్టేవాళ్ళకు కూర్చునే తీరిక దొరకదు. చాలామంది దగ్గర మందు వాసన వస్తుంది. గాయం కడిగి, టీటీ వేసి, కుట్లు వేయించి, "తాగి బండి నడుపుతారా, పెళ్ళాం పిల్లలు గుర్తుకు రారా" అని నాలుగు చివాట్లు పెట్టి పంపిస్తాం.

నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. నా చివాట్లు తిని ఒక్కడు తాగుడు తగ్గించినట్టు నాకు గుర్తు లేదు. తలకు కుట్లు వేయించుకొని పోయిన మనిషే ఆరు నెలలకు కాలు విరగ్గొట్టుకొని వచ్చాడు, నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా చివాట్లకు వచ్చిన ఫలితం అంతే.

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఇది అందరికీ పనిచేయదని ముందే చెప్పాలి. పొద్దున లేవగానే చుక్క పడకపోతే చేతులు వణికే మనిషికి పది నిమిషాల మాట సరిపోదు, అతనికి చికిత్స కావాలి. వారానికి రెండు మూడు సార్లు, తాగిన రోజు మాత్రం మోతాదు మించి తాగేవాళ్ళు ఉంటారే, వాళ్ళకు ఈ మాట పనికొస్తుంది. క్యాజువాల్టీకి వచ్చేవాళ్ళలో నేను ఎక్కువగా చూసేది వాళ్ళనే. వాళ్ళలోనూ కొందరే తగ్గిస్తారు.

మొదట: "తాగి పడుకున్నాడులే" అనుకోవద్దు

మాటల కంటే ముందు ప్రాణం. మందు వాసన వచ్చినంత మాత్రాన మగతకు కారణం మందే అని తీర్మానించకూడదు. తలలో రక్తస్రావం అయినా, షుగర్ పడిపోయినా, ఫిట్స్ వచ్చి తగ్గినా మనిషి తాగినవాడిలాగే కనిపిస్తాడు. కాబట్టి వచ్చిన వెంటనే వేలికొన నుంచి షుగర్ చూడండి. జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే మార్కులు) రాయండి, రెండు కనుపాపలూ చూడండి, కొంతసేపటికి మళ్ళీ చూడండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మందు మత్తే అయితే గంట గడిచేకొద్దీ మనిషి తేరుకోవాలి. తేరుకోవడం లేదంటే, అంతకు ముందు మాట్లాడినవాడు ఇప్పుడు మూలుగుతున్నాడంటే, డ్యూటీ డాక్టర్‌ను లేపండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

షుగర్ తక్కువ ఉంటే గ్లూకోజ్ ఆలస్యం చేయకూడదు. బాగా తాగే అలవాటున్నవాళ్ళకు దానితో పాటే తయామిన్ (విటమిన్ బి1) కూడా ఇవ్వాలా అని డాక్టర్‌ను మీరే అడగండి. ఒంట్లో బి1 నిల్వలు అడుగంటిన మనిషికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు తడబడటం, నడక తూలడం, అయోమయం కనిపిస్తే ఆ అనుమానం ఇంకా గట్టిగా రావాలి.

రెండోది: చివరిసారి ఎప్పుడు తాగాడు?

కేస్ షీట్‌లో ఎక్కువసార్లు ఖాళీగా ఉండే ప్రశ్న ఇదే. ఎంత తాగాడో రాస్తాం, ఎప్పుడు తాగాడో రాయం. రోజూ తాగే మనిషికి మందు ఆగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపు మనిషి పూర్తిగా అయోమయంలో పడి, లేనివి ఉన్నట్టు చూడటం మొదలుపెడితే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి.

తొడ ఎముక విరిగి ఆర్థో వార్డులో చేరిన ఒకాయన మూడో రోజు రాత్రి గోడ మీద తేళ్ళు పాకుతున్నాయని సెలైన్ పీకేసి లేచాడు. "పిచ్చి పట్టింది" అని చేతులు కట్టేశారు. చేరిన రోజు క్యాజువాల్టీలో "చివరి చుక్క ఎప్పుడు?" అని ఒక్కరం అడిగి రాసి ఉంటే, మొదటి రోజే డాక్టర్ చికిత్స మొదలుపెట్టేవారు. అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

మన ప్రాంతంలో దీనికి ఒక సులువైన ప్రశ్న ఉంది: "అన్నా, ఎప్పుడన్నా మాల వేసుకున్నావా?" అయ్యప్ప మాలో, శివ మాలో వేసుకున్నవాళ్ళు దీక్ష రోజుల్లో మందు ముట్టరు. "వేసుకున్నా" అంటే, "మొదటి మూడు నాలుగు రోజులు ఎట్లుండె? వణుకు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ లాంటివి వచ్చినాయా?" అని అడగండి. "ఏమీ లేదు మేడం, బానే ఉండె" అంటే కొంత ధైర్యం. కొంతే, మాల వేసి ఎన్నేళ్ళయిందో, ఆ తర్వాత తాగుడు పెరిగిందో కూడా కనుక్కోవాలి. "రెండో రోజు ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో వేసినారు" అంటే మాత్రం ఆ మనిషికి ఇంట్లో ఉన్నపళంగా మానేయమని ఎవరూ చెప్పకూడదు. అతనిది డాక్టర్ చూడాల్సిన కేసు.

మూడోది: సమయం, చోటు

మత్తులో ఉన్నవాడితో ఈ మాటలు దండగ. పేరు, ఊరు, ఈ రోజు ఏ వారమో చెప్పగలిగి, మీరు చెప్పింది తిరిగి చెప్పగలిగేదాకా ఆగండి. అది తెల్లవారుజాము అయితే నైట్ డ్యూటీ సిస్టర్, తెల్లారితే మార్నింగ్ డ్యూటీ సిస్టర్ మాట్లాడాలి. డ్యూటీ మారేటప్పుడు బీపీ, సెలైన్‌తో పాటు "ఈయనతో ఇంకా మాట్లాడలేదు" అని కూడా అప్పగించండి.

నాకు అన్నిటికంటే బాగా కుదిరే సమయం కుట్లు వేసేటప్పుడు, లేదంటే డ్రెస్సింగ్ చేసేటప్పుడు. ఆ చోట తిమ్మిరి ఇంజక్షన్ వేశాక మనిషి కదలకుండా పడుకోవాలి. పైన తిరిగే ఫ్యాను తప్ప చూసేందుకు ఏమీ ఉండదు. దెబ్బ తాజాగా ఉంటుంది, చావు తప్పిందన్న భయం కూడా తాజాగానే ఉంటుంది. డాక్టర్ కుట్లు వేస్తుంటే మీరు పక్కన నిలబడి మాట్లాడొచ్చు.

చుట్టాలను బయటికి పంపండి. "అమ్మా, మీరు పోయి ఒక టీ తాగి రాండి, పది నిమిషాలు పడుతుంది" అంటే చాలు. భార్య ముందు మగవాడు తక్కువ చెబుతాడు, స్నేహితుల ముందు ఎక్కువ చెబుతాడు. ముస్లిం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ బెరుకు ఇంకా ఎక్కువ, ఇంట్లో తెలిస్తే తలెత్తుకోలేమనుకుంటారు. ఆడవాళ్ళనైతే మనం అడగనే అడగం. తండాల్లో, కల్లు తాగే పల్లెల్లో ఆడవాళ్ళూ తాగుతారు, మగవాళ్ళ కంటే తక్కువ మోతాదుకే వాళ్ళ ఒళ్ళు దెబ్బతింటుంది. అడగండి, గర్భిణి అయితే తప్పకుండా అడగండి. గర్భంలో బిడ్డ ఉన్నప్పుడు ఇంత తాగితే ఫరవాలేదన్న లెక్కే లేదు.

నాలుగోది: అడగడం

పిలుపుతోనే సగం పని అవుతుంది. "ఏమయ్యా" అంటే తలుపు మూసుకున్నట్టే. వయసును బట్టి "పెద్దాయనా, మీరు" అనో, "అన్నా, నువ్వు" అనో పిలవండి. మన సీమలో అన్నా అని పిలిచి నువ్వు అంటే ఎవరూ తక్కువ చేశారనుకోరు.

ముందు అనుమతి అడగండి. నేను ఇలా మొదలుపెడతాను:

"అన్నా, దెబ్బలు తగిలి వచ్చిన అందరినీ మేం ఒక మాట అడుగుతాం. మందు అలవాటు గురించి. అడగొచ్చా?"

కాదనేవాళ్ళు తక్కువ. కొందరు "పోలీసులకు చెప్తారా?" అంటారు. అబద్ధం చెప్పొద్దు. యాక్సిడెంట్, కొట్లాట కేసుల్లో ఎం.ఎల్.సి. (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) ఉంటుంది, అందులో రాయాల్సింది డాక్టర్ రాస్తారు. "అది వేరే, అన్నా. నేనడిగేది నీ వైద్యం కోసం" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు. తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పట్టికలో మొదటి మూడూ ఇవే. ఎన్ని రోజులకొకసారి తాగుతావు? తాగిన రోజు ఎంత తాగుతావు? ఒకే పూట ఆరు పెగ్గులు, అంతకంటే ఎక్కువ ఎన్నాళ్ళకొకసారి తాగుతావు? ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 12.

పెగ్గుల లెక్క మన కొలతల్లోకి మార్చుకోకపోతే ఇదంతా తప్పుతుంది. ఇక్కడ ఎవరూ పెగ్గుల్లో చెప్పరు. "నైంటీ", "క్వార్టర్" అంటారు. విస్కీ, బ్రాందీ 30 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అది ఒక పెగ్గు కింద లెక్క. అంటే నైంటీ మూడు పెగ్గులు, క్వార్టర్ ఆరు, హాఫ్ పన్నెండు పైనే. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా సుమారు నాలుగు పెగ్గులు. "బీరే కదా మేడం" అనేవాళ్ళకు ఈ ఒక్క లెక్క చెబితే చాలు, నోరు తెరుస్తారు. కర్ణాటక నుంచి వచ్చే టెట్రా ప్యాకెట్లు అయితే 90దా, 180దా అని అడగండి. నాటుసారాకు, కల్లుకు కొలత చెప్పలేం, ఎన్ని గ్లాసులో రాసుకోండి. కల్లు తాగేవాళ్ళను "ఒక్క రోజు మానితే ఎట్లుంటుంది?" అని కూడా అడగండి. కల్లులో మత్తుమందులు కలిపితే అవి ఆగినప్పుడు కూడా ఫిట్స్ రావొచ్చు.

వారానికి మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ ఒక క్వార్టర్ తాగే మనిషిని తీసుకోండి. మొదటి ప్రశ్నకు 3, రెండోదానికి 2, మూడోదానికి 3. మొత్తం 8. మగవాళ్ళలో 4, ఆడవాళ్ళలో 3, లేదా అంతకంటే ఎక్కువ వస్తే మాట్లాడాల్సిన కేసు. వీలుంటే మిగతా ఏడు ప్రశ్నలూ అడగండి. పది ప్రశ్నలకూ కలిపి 40 మార్కులు. 8 నుంచి 15 వస్తే మీ మాట చాలు, 16 నుంచి 19 అయితే మళ్ళీ పిలిపించి మాట్లాడాలి, 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకియాట్రీ వాళ్ళకు చూపించాలి.

ఐదోది: లెక్క చెప్పి ఆగిపోండి

బేతంచెర్ల వైపు బండల పని చేసే ఒకాయనతో మాట ఇలా నడిచింది. నుదుటి మీద కుట్లు పడుతున్నాయి.

"అన్నా, నువ్వు చెప్పిన లెక్క ప్రకారం వారానికి పద్దెనిమిది పెగ్గులు అవుతాయి. ఇంత తాగేవాళ్ళకు దెబ్బలు, బీపీ, లివర్ బాధలు ఎక్కువ వస్తాయి. ఈ రోజు పడింది కూడా తాగినాక్నే కదా. నీకేమనిపిస్తాంది?"

ఇక్కడ ఆగాలి. నాకు ఇదే చాలా కష్టమైంది. ఆ నిశ్శబ్దంలో ఉపదేశం గొంతు దాకా వస్తుంది. మింగేయండి. ఆయన చాలాసేపు ఫ్యాను వంక చూసి, "బండి మీద బిడ్డ కూడా ఉండాల్సింది మేడం. బడి కాడ దింపి వచ్చినా" అన్నాడు. నేను లివర్ గురించి గంట మాట్లాడినా అంత బరువైన మాట చెప్పలేను.

ఆరోది: రూపాయికి ఎన్నణాలు?

తగ్గించాలన్న కోరిక ఎంత ఉందో కొలవడానికి పదికి ఎంత అని అడగమని శిక్షణలో చెబుతారు. కుర్రవాళ్ళకు అది బాగానే అర్థమవుతుంది. పెద్దవాళ్ళతో నేను "రూపాయికి ఎన్నణాలు?" అంటాను.

"తగ్గించాలని మనసులో ఎంత ఉంది పెద్దాయనా, పదహారణాల్లో?"
"ఒక ఆరణాలు ఉంటుందిలేమ్మా."
"మరి రెండణాలు అనకుండా ఆరణాలు అన్నారే, ఎందుకు?"

కిటుకంతా ఈ చివరి ప్రశ్నలోనే ఉంది. "పదహారు ఎందుకు కాదు?" అని అడిగితే తాగడానికి కారణాలు చెబుతాడు. "రెండు ఎందుకు కాదు?" అని అడిగితే తగ్గించడానికి కారణాలు తానే చెప్పుకుంటాడు. ఆయన చెప్పినవే ఆయన మాటల్లోనే మీరు తిరిగి చెప్పండి. మీవి కలపొద్దు. సున్నా అన్నాడా, "సరే, ఎప్పుడైనా అనిపిస్తే రండి" అని నవ్వి వదిలేయండి. వాదించి గెలిస్తే ఆ మనిషి మళ్ళీ మన దగ్గరికి రాడు.

ఏడోది: అంకె అతనే చెప్పాలి

పూర్తిగా మానేస్తే అన్నిటికంటే మంచిదే. లివర్ దెబ్బతిన్నవాళ్ళకు, ఫిట్స్ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు మానేయడమే దారి, రోజూ తాగేవాళ్ళయితే డాక్టర్ పర్యవేక్షణలో. మిగతావాళ్ళు "మూడు క్వార్టర్లు ఒకటి చేస్తా" అంటే అది కూడా గెలుపే. "ఒకటా? పూర్తిగా మానెయ్" అని బేరం పెంచకండి.

ఎలా తగ్గిస్తావని అడిగి, తోచకపోతే నాలుగైదు దారులు చెప్పి ఎంచుకోమనండి. కూలి డబ్బు వచ్చిన రోజు ముందు ఇంటికి పోయి డబ్బు అక్కడ ఇచ్చి రావడం. సంత నుంచి బెల్టు షాపు లేని దారిలో తిరిగి రావడం. కడుపు నిండా సంగటి తిన్నాకే సీసా ముట్టడం. క్వార్టర్ బదులు నైంటీ కొనడం. తాగే రోజు బండి ఇంట్లో పెట్టి పోవడం. ఈ చివరిది తగ్గించనన్నవాళ్ళతోనైనా ఒప్పించదగ్గది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమనీ, మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చనీ చెప్పండి. డబ్బు లెక్క కూడా అతని చేతే కట్టించండి. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది, చవక అనుకుంటారు. వారానికి మూడు చొప్పున నెలకు 1,200 దాటుతుందని తానే వేళ్ళ మీద లెక్కపెట్టి ఆగిపోయినవాళ్ళను చూశాను.

"నా వల్ల కాదు మేడం" అంటే మళ్ళీ మాల గుర్తు చేయండి. "41 రోజులు ఉన్నావు కదన్నా, అప్పుడెట్ల ఉన్నావు?" అని అడగండి. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, భజన, తోటి స్వాములు... చెబుతూ పోతాడు. వాటిలో ఏది ఇప్పుడూ పనికొస్తుందో అతనికే తెలుస్తుంది.

చేయకూడని రెండు పనులు

బిడ్డ తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించొద్దు, చుట్టాలు వేయిస్తుంటే ఆపండి. ఒట్టు తప్పిన రోజు ఆ సిగ్గుతో రెండింతలు తాగుతాడు, ఆసుపత్రి వైపు రాడు.

రెండోది ఇంకా ప్రమాదం. "తాగుడు మానిపించే మాత్ర ఏదో ఉందంట, కూరలో కలిపి పెడితే తెలియదంట, ఇప్పించమ్మా" అని భార్యలు అడుగుతారు. వాళ్ళు అడిగే ఆ మాత్ర డైసల్ఫిరామ్, అది మనిషికి తెలియకుండా పెట్టేది కాదు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోయే అవకాశం ఉంది. ఆ ఆడమనిషి కష్టం నిజం, ఆమెను కసరొద్దు. ఆ మాత్ర అతనికి చెప్పి, పరీక్షలు చేసి, డాక్టర్ రాసిస్తేనే వాడాలని, వేరే మందులు కూడా ఉన్నాయని చెప్పండి. అలాగే ఒంటరిగా ఉన్నప్పుడు, "నిన్ను కొడతాడా?" అని మెల్లగా అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ ఆమెకు చెప్పండి, చీటీ మీద రాసివ్వొద్దు, ఇంట్లో ఆయన కంట పడుతుంది.

తాగిన మత్తులో పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళను పెగ్గుల లెక్క అడిగే ముందు "ఇంకా చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరగదు. ఒంటరిగా వదలకండి, సైకియాట్రీ వాళ్ళు చూడకుండా పంపించనివ్వకండి.

పంపడం, మళ్ళీ చూడటం

20 మార్కులు, ఆపైన వచ్చినవాళ్ళకు, వణుకు, ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్ళకు "పెద్దాసుపత్రికి పో" అంటే ఎవరూ పోరు. ఏ రోజు ఓపీ, ఎన్ని గంటలకు, ఏ నంబర్ గది, ఇవన్నీ రాసివ్వండి. అదే ఆసుపత్రి అయితే వార్డ్ బాయ్‌నిచ్చి పంపండి. రాలేనివాళ్ళకు ఫోన్ నంబర్లు రెండు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మద్యం, మాదకద్రవ్యాల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. నంబర్ ఇవ్వడం కంటే అక్కడే అతని ఫోన్‌లో సేవ్ చేసి చూపించడం మేలు.

కేస్ షీట్‌లో మూడు ముక్కలు రాయండి: మార్కులు ఎన్ని, అతను చెప్పిన కారణం, అతను చెప్పిన అంకె. "తాగుబోతు" అని రాయకండి. తర్వాత చూసే డాక్టర్ ఆ ఒక్క మాట చదివి ఇంకేమీ చదవడు.

కుట్లు తీయించుకునే చీటీ ఉంటుంది కదా, అసలు పని దాని మీదే ఉంది. ముఖం మీద కుట్లు 5 రోజులకు, తల మీదివి 7 నుంచి 10 రోజులకు తీస్తాం. తాగే మనిషి మన దగ్గరికి తనంతట తాను తిరిగి వచ్చే రోజు అదొక్కటే. చీటీ వెనక అతని అంకె రాయండి, అక్షరాలేమీ వద్దు, "3 నుంచి 1" అని అంతే. ఇంట్లో ఎవరు చూసినా అర్థం కాదు. బండల పని ఆయన ఆరో రోజున వచ్చాడు. నేను అడగకముందే చీటీ తిప్పి చూపించి, "రెండు అయినాయి మేడం" అన్నాడు. కూర్చోమని, కత్తెర తీసుకొని, ఆ మూడోది తాగకుండా ఎట్లా ఆగాడో అడిగాను.